నిరంకుశుని చేత అణ్వస్త్రము

(ద్వారకా తిరుమలలో ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము)



ఈ కొండ నీడన పెరిగినవారికి ఒక నియమమును మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. పెద్దతిరుపతికి మ్రొక్కిన మ్రొక్కు చిన్నతిరుపతిలో చెల్లింపవచ్చును. చిన్నతిరుపతికి మ్రొక్కినది మాత్రము చిన్నతిరుపతిలోనే చెల్లింపవలయును. దానికి మారుదారి లేదని మన పెద్దల నమ్మిక. నేడు మేము మాటలాడబూనిన విషయము దేశములు మ్రొక్కిన ఒక మ్రొక్కును గూర్చి. అణ్వస్త్రమును చేయము, చేసియున్న యెడల విడిచెదము అనునదియే ఆ మ్రొక్కు. దానిని చెల్లించినవారు కలరు. ఎగవేసినవారు కలరు. చెల్లించి చెడినవారును కలరు.

ఉత్తర కొరియా యెక్కడ, ఇరాన్ యెక్కడ, ద్వారకా తిరుమల యెక్కడ అని మీలో కొందరు తలపవచ్చును. 1942 ఏప్రిల్ 6వ తేదీకి ముందు విశాఖపట్టణమువారును, కాకినాడవారును అట్లే తలచియుండిరి. నాడు జపాను సైనిక ప్రభుత్వపు విమానములు ఆ రెండు రేవులపైని బాంబులు వేసినవి. ఆ యుద్ధకాలమునందే ఆంగ్లేయులు తాడేపల్లిగూడెమువద్ద వరిచేల నడుమ విమానములు దిగుటకు బాట కట్టిరి. దూరదేశపు నిరంకుశుని కోరిక మన చేలగట్టుదాక వచ్చుటకు పెద్దకాలము పట్టదని ఆ బాటయే సాక్ష్యము చెప్పుచున్నది.

అణుశక్తి మాత్రము మనకు దూరపుచుట్టమా? హైదరాబాదునందు 1971 మొదలు అణు ఇంధన సముదాయము పనిచేయుచున్నది. కడపజిల్లా తుమ్మలపల్లెలో నేల త్రవ్వి యురేనియము తీయుచున్నారు. అణుశక్తితో నడచు అరిహంత్ జలాంతర్గామి విశాఖపట్టణముననే 2009 జూలై 26న నీటిలో దిగినది. దాని తమ్ముడైన అరిఘాత్ అచటనే 2024 ఆగస్టు 29న నౌకాదళమున చేరినది. కావున ఈ విషయమును పరుల గొడవయని ప్రక్కకు నెట్టుట మనకు తగదు.

ముందుగా ఆ వస్తువు సంగతి కొంత తెలియవలయును. నేలనుండి తీసిన యురేనియమును వేయి గింజలనుకొనుడు. అందు పనికివచ్చు గింజలు ఏడు మాత్రమే. తక్కినవి తాలు. విద్యుత్తు తీయుటకు ఆ తాలును చెరిగి చెరిగి ఏడు గింజలకు నూటడెబ్బదియయిదు మొత్తముగా మిగిల్చిన చాలును. అనగా నూటికి నాలుగు పాళ్లు. బాంబునకు ఏడు గింజలకు ఎనిమిది మాత్రమే మొత్తము మిగులవలయును. అనగా నూటికి సుమారు తొంబది పాళ్లు. వేయినుండి నూటడెబ్బదియయిదుకు దిగుటయే పెద్ద చాకిరి. అటుపై తక్కువ పని. కావుననే దీపము కొరకు చెరుగుచున్నామని చెప్పు చేటయే బాంబు కొరకును చెరుగగలదు. చేట నెవరు పట్టిరన్నది కాదు ప్రశ్న. చెరుగునప్పుడు ప్రక్కన నిలిచి చూచువాడున్నాడా లేడా యన్నదియే ప్రశ్న.

ఈ చేట నిరంకుశులకు ఎవరిచ్చిరి? భస్మాసురునికి వరమిచ్చినవాడు శివుడే. తరువాత ఆ చేయి తన తలపైకే రాగా పరుగెత్తినవాడును ఆయనయే. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు 1953 డిసెంబరు 8న ఐక్యరాజ్య సమితిలో శాంతి కొరకు అణువు అను మాట చెప్పెను. ఆ మాటను అనుసరించి టెహ్రానులోని పరిశోధనా రియాక్టరు అమెరికా సాయమున 1967లో నడువసాగినది. నాడు ఇరాన్ నేలినవాడు షా. ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోనునకు మొదటి రియాక్టరు సోవియట్ రష్యా ఇచ్చినది. ఇరాకునకు ఫ్రాన్సు కట్టియిచ్చినది. మనకు సైరస్ రియాక్టరును కెనడా ఇచ్చినది, అందు వాడిన భారజలమును అమెరికా ఇచ్చినది. దానిలో పుట్టిన ప్లుటోనియముతోనే 1974 మే 18న పోఖ్రాను పేలుడు జరిగినది. అమ్మువేళ కొనువాని స్వభావము ఎవరికిని కనబడలేదు. స్నేహితుడైన నిరంకుశుడు నిరంకుశుడుగా తోపడు. అతడు పగవాడైన మరుదినమే అతని కోరలు ప్రపంచమునకు కనబడును.

ఇక మ్రొక్కు మాట. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒడంబడిక 1968లో సంతకములకు వచ్చి 1970 మార్చి 5న అమలైనది. అందు రెండు మ్రొక్కులు కలవు. అణ్వస్త్రము లేనివారు చేయరాదు. ఉన్న అయిదుగురు, అనగా అమెరికా, రష్యా, బ్రిటను, ఫ్రాన్సు, చైనా, ఆయుధపు పోటీని ఆపి, నిరాయుధత్వమునకై చిత్తశుద్ధితో చర్చలు జరుపవలయును. మొదటి మ్రొక్కును చెల్లింపుమని లేనివారిని నిలదీయుచున్నారు. రెండవ మ్రొక్కు ఏమైనదని ఉన్నవారిని అడుగువారేరీ? ప్రపంచమున నేటికిని సుమారు పండ్రెండువేల అణ్వస్త్రములు కలవు. అందు నూటికి ఎనుబదియయిదు పాళ్లకు పైగా రష్యా, అమెరికాల చేతిలోనే యున్నవి. ఈ ఒడంబడికలో చేరని భారతదేశము, పాకిస్థాను, ఇజ్రాయేలులు వేరు. చేరి వెడలిపోయిన ఉత్తర కొరియా వేరు.

కొల్లేటి వారికి ఈ సంగతి సులభముగా బోధపడును. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కొల్లేట కలియును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటియే. ఒకడు చేపలచెరువునకు గట్టు వేసెను. ప్రక్కవాడు ఇంకను ఎత్తైన గట్టు వేసెను. తన గట్టు రక్షణ కొరకనియు, పరుని గట్టు దురాశ చేతననియు ప్రతివాడును చెప్పెను. వరద వచ్చినపుడు నీటికి దారిలేక అందరి చేలును మునిగినవి. 2006లో అయిదవ కాంటూరు లోపలి గట్లను ప్రభుత్వము కొట్టివేయించినది. అయినను కొన్నిచోట్ల అవి మరల లేచినవి. గట్టు కొట్టుట ఒక దినపు పని. మరల లేవకుండ చూచుట నిత్యకృత్యము. పెద్దవాని గట్టు నిలిచి చిన్నవాని గట్టు మాత్రమే కూలిన యెడల, ఆ చట్టమును చిన్నవాడు ఎంతకాలము మన్నించును?

అయినను, చట్టము వంకర గలది కావున నిరంకుశుని చేత బాంబు ఉన్నను దోషము లేదనుట మా అభిప్రాయము కాదు. అతని అణ్వస్త్రము అధిక భయంకరమగుటకు కారణము అతని క్రూరత్వము మాత్రమే కాదు, అతని ఇంటిలో అడుగువాడు లేకపోవుట. ఎంత ధనము పోసితివి, ఎవరి అన్నము తీసి పోసితివి, విషపుబూడిద ఎచట పాతిపెట్టితివి అని అడుగు పత్రిక లేదు, శాసనసభ లేదు, న్యాయస్థానము లేదు. 1990 దశకమున ఉత్తర కొరియా ప్రజలు లక్షలాదిగా ఆకలిచే మరణించుచుండగా ఆ దేశపు రాకెట్టుల పని ఆగలేదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టరు పగిలినపుడు సోవియట్ ప్రభుత్వము నోరు విప్పలేదు. రెండు దినములకు స్వీడను దేశపు అణువిద్యుత్ కేంద్రమున ఒక ఉద్యోగి పాదరక్షలపై రేడియోధూళి కనబడగా, ఆ తరువాత గాని ప్రపంచమునకు నిజము తెలియలేదు.

కంటికి కానరాని విషమనిన నేమో ఏలూరువారికి తెలియును. 2020 డిసెంబరులో వందలాది జనులు ఉన్నట్లుండి మూర్ఛపోయి పడిరి. నాడు ధైర్యవచనములెన్ని పలికినను ప్రజలకు నిద్ర పట్టలేదు. వైద్యశాస్త్ర సంస్థలవారు వచ్చి నెత్తురును, నీటిని, కూరగాయలను పరీక్షించి, సీసము, నికెలు అను పేర్లు బయటపెట్టిన పిమ్మటనే మనస్సు కొంత కుదుటబడినది. పరాయి కన్ను వచ్చి చూచుట అవమానము కాదు. అదియే అభయము.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. తలుపు తెరచి చూపినచోట అణుభయము తగ్గినది. తలుపు పగులగొట్టినచోట తగ్గలేదు. గడచిన నలుబది సంవత్సరముల చరిత్రను ఈ ఒక్క వెలుతురున చూడుడు.

ఇరాకు సంగతి. 1981 జూన్ 7న ఇజ్రాయేలు విమానములు బాగ్దాదు సమీపమున ఒసిరాక్ రియాక్టరును కూల్చినవి. పని తీరినదని పలువురు సంతోషించిరి. సద్దాం హుసేను ఆ పనిని మానెనా? రహస్యముగా, మునుపటికంటె ఎక్కువమందిని పెట్టి సాగించెను. 1991 యుద్ధము తరువాత తనిఖీదారులు వాడవాడల వెదకి, కాగితములు పట్టి, యంత్రములను పగులగొట్టించిరి. ఆ కార్యక్రమము అంతమైనది వారి చేతులలోనే. 2003లో అమెరికా, బ్రిటనులు ఆయుధములున్నవని చెప్పి దండెత్తిరి. దేశమంతయు గాలించినను అవి దొరకలేదు. తనిఖీదారులు ఇంకను కొన్ని నెలలు కావలెనని కోరియుండిరి. ఆ కొన్ని నెలలు ఇయ్యని ఫలితముగా లక్షలాది ఇరాకు ప్రజలు ప్రాణములు కోల్పోయిరి.

ఉత్తర కొరియా సంగతి. అది 1985లో ఒడంబడికలో చేరినది. 1994 అక్టోబరులో అమెరికాతో ఒప్పందము కుదిరినది. యోంగ్‌బ్యోనులో ప్లుటోనియపు పని ఎనిమిది సంవత్సరములు నిలిచిపోయి, తనిఖీదారుల కంటియెదుట ముద్రలు వేయబడియుండెను. బదులుగా ఇచ్చెదమన్న రియాక్టరులు కాలమునకు లేవలేదు. కొరియావారు చాటున యురేనియపు దారి వెదకిరని 2002లో అమెరికా నిందించినది. మాట ఇరువైపులను చెడినది. ఆ డిసెంబరులో తనిఖీదారులను వెళ్లగొట్టిరి. 2003 జనవరిలో ఒడంబడికనుండి తొలగితిమని చాటిరి. 2006 అక్టోబరు 9న మొదటి పేలుడు. 2017 సెప్టెంబరు 3 నాటికి ఆరు పేలుళ్లు. భద్రతా మండలి ఆంక్షపై ఆంక్ష విధించినది. ఆ ఆంక్షలు ప్రజల పొయ్యిని చల్లార్చినవి గాని కర్మాగారపు పొయ్యిని చల్లార్చలేదు.

ఇరాన్ సంగతి. నతాంజులో చాటుగా కట్టిన కర్మాగారము 2002లో బయటపడినది. పండ్రెండేండ్ల పెనుగులాట పిమ్మట 2015 జూలై 14న ఒప్పందము జరిగినది. నూటికి 3.67 పాళ్లు మించి చెరుగరాదు, 300 కిలోలు మించి నిలువ యుంచరాదు, తనిఖీదారులకు దారి ఇయ్యవలయును అని షరతులు. ఇరాన్ వానిని పాటించుచున్నదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పలుమారులు చెప్పినది. 2018 మే 8న అమెరికాయే ఆ ఒప్పందమును విడిచినది. 2021లో ఇరాన్ నూటికి అరువది పాళ్లకు చెరుగుట మొదలిడినది. 2025 జూన్ 13న ఇజ్రాయేలును, 22న అమెరికాయు ఆ కర్మాగారములపై దాడి చేసినవి. కొలది దినములకే ఇరాన్ తనిఖీలకు సహకారము నిలుపుచు చట్టము చేసినది. దాడుల నాటికి అరువది పాళ్ల యురేనియము 440 కిలోలకు పైగా నుండెనని ఆ సంస్థ లెక్క. దాడికి ముందు అది లెక్కలోనైన నుండినది. దాడి తరువాత లెక్కకును అందకుండ పోయినది. బాంబు కర్మాగారమును కూల్చగలదు గాని, కనులార చూచి లెక్క వ్రాయజాలదు.

తలుపు తెరచినవారికి మేలు జరిగినదా యని మీరు అడుగుదురు. ఇది కఠినమైన ప్రశ్న. లిబియా అధిపతి గద్దాఫీ 2003 డిసెంబరులో తన ప్రయత్నమును విడిచి యంత్రములను ఓడలకెక్కించెను. 2011లో ప్రజలు తిరుగబడగా, పాశ్చాత్య విమానముల తోడ్పాటుతో అతడు కూలి హతుడయ్యెను. అతని దుష్పరిపాలనకు మేము కన్నీరు కార్చము. కాని ఆ వార్తను ప్యాంగ్యాంగులో ఎట్లు చదివియుందురో ఊహింపుడు. యుక్రెయిను తన నేలపై మిగిలిన సోవియట్ అణ్వస్త్రములను వదలుకొనగా, 1994 డిసెంబరు 5న బుడాపెస్టులో రష్యా, అమెరికా, బ్రిటనులు దాని సరిహద్దులను మన్నింతుమని వ్రాసి ఇచ్చిరి. 2014లో రష్యా క్రిమియాను పట్టుకొనెను. 2022లో దేశముపైకే దండెత్తి, అడ్డువచ్చినవారిని అణ్వస్త్రము పేర బెదిరించెను. మ్రొక్కు చెల్లించినవాడు చెడి, ఎగవేసినవాడు నిలిచిన యెడల, మరునాడు మ్రొక్కువాడెవడు?

ఇంత చెప్పినను నిరాశకు తావులేదు. లోపలివారే తలుపు తెరచిన ఇండ్లును కలవు. అర్జెంటీనా, బ్రెజిలు దేశములు సైనికుల పాలనలో ఒకదానికి తెలియక ఒకటి అణుపరిశోధనలు సాగించినవి. 1983లో అర్జెంటీనాలోను, 1985లో బ్రెజిలులోను ప్రజాపాలన తిరిగి వచ్చినది. ఇరుదేశాధ్యక్షులు ఒకరి కర్మాగారములను మరియొకరు స్వయముగా పోయి చూచిరి. 1991లో ఒకరి లెక్కలను మరియొకరు తనిఖీ చేయు ఉమ్మడి సంస్థను స్థాపించిరి. అది నేటికిని నడచుచున్నది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వము ఆరు బాంబులు చేసి దాచినది. ఆ దుష్టపాలన అంతమగు వేళ వానిని విప్పివేసి, 1993 మార్చిలో ఆ సంగతిని ప్రపంచమునకు చెప్పినది. కజకిస్థానులోని సెమిపలటిన్స్కు మైదానమున సోవియట్ ప్రభుత్వము 1949 మొదలు 1989 వరకు 456 పేలుళ్లు జరిపినది. చుట్టుప్రక్కల పల్లెవారు రోగములచే కుమిలిరి. 1989లో ఓల్జాస్ సులైమేనోవ్ అను కవి ఆ రహస్యమును బహిరంగముగా పలుకగా జనము వేలకొలది కదలివచ్చినది. 1991 ఆగస్టు 29న ఆ మైదానమును మూసిరి. ఒక కవి నోటిమాటకు అంతటి సామ్రాజ్యము ఆగినదన్న, ఆ మాట వెనుక నిలిచిన జనమే కారణము.

ఇచట ఒక ఆక్షేపణము వచ్చును. నిరంకుశులను గూర్చి ఇంత చెప్పితిరి, అణుబాంబును నిజముగా మనుష్యులపై వేసినది ప్రజాప్రభుత్వము గల అమెరికాయే కదా యని. నిజము. 1945 ఆగస్టు 6న హిరోషిమాపైని, 9న నాగసాకిపైని వేసినది అదియే. ఆ బాంబు తయారగుచున్నదని ఆ దేశపు ప్రజలకు గాని, వారి ప్రతినిధులలో మిక్కిలిమందికి గాని తెలియదు. అణురహస్యము ప్రజాప్రభుత్వమును సహితము ఆ గది మేరకు నిరంకుశము చేయునని మేము దానినుండి నేర్చుచున్నాము. 1946లో గాంధీమహాత్ముడు హరిజన్ పత్రికలో ఆ అస్త్రమును గూర్చి వ్రాయుచు, గెలిచినవాని ఆత్మకేమి జరిగినదో ఇంకను చూడవలసియున్నదను భావమును వెల్లడించెను. ఆ చూపు నేటికిని పూర్తికాలేదు.

ఆ గది మన ఇంటిలోను కలదు. 1974 నాటి నిర్ణయము కొలదిమందికే తెలియును. 1995 డిసెంబరులో మన తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా నుండగా పోఖ్రానులో సన్నాహములు జరిగినవి. అమెరికా ఉపగ్రహములు వానిని కనిపెట్టగా, ఆ రాజ్యము అడ్డుపడినది. పేలుడు జరుగలేదు. 1998 మే 11, 13 తేదీలలో వాజపేయి కాలమున జరిగినది. ఆ నెల 28న పాకిస్థాను బదులు చెప్పినది. గట్టుకు గట్టు లేచినది. ఈ మూడు వేళలందును ముందుగా మనలను అడిగినవారు లేరు. అయినను మనకును నిరంకుశ రాజ్యమునకును ఒక భేదము కలదు. 2019లో నల్లమల అడవులలో యురేనియము వెదకబోగా చెంచులును, పల్లెవారును, విద్యావంతులును గొంతెత్తిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించినది. అడిగిన నోరు మూయబడలేదు. ఈ భేదమును మనము వాడుకొన్నంతకాలమే అది నిలుచును.

కావున ఏమి చేయవలయును? ఇతర దేశములు నిరంకుశులయెడ మూడు పనులు చేయవచ్చును. తలుపు తెరచువానికి ఇచ్చిన మాటను, ప్రభుత్వములు మారినను, తప్పక నెరవేర్పవలయును. తనిఖీదారులకు కాలమును, గౌరవమును ఇయ్యవలయును. వారిని గూఢచారులుగా వాడరాదు, వారు లోపలనుండగా బాంబులు వేయరాదు. ఉన్నవారు తమ మ్రొక్కును గుర్తుంచుకొని తమ గట్లను తామే తగ్గించుకొనవలయును. ఇవి చేసినను కొందరు నిరంకుశులు మోసగింపవచ్చును. కాని మోసము బయటపడునది చూచువాడు లోపలనున్నపుడే.

మన పని మరియొకటి. పరాయి పాలన నాడు ఊరూర ఇట్టి పఠనమందిరములు లేచినది పత్రిక చదువుటకు మాత్రమే కాదు, చదివి అడుగుటకు. తుమ్మలపల్లె నీటిని గూర్చి, విశాఖ సముద్రమును గూర్చి, శ్రీకాకుళపు కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రమును గూర్చి మనము అడుగవలయును. అడుగుట దేశద్రోహము కాదు. ఇరాన్ తలుపు తెరువవలెనని కోరువాడు తన ఇంటి గడియ ఎంత బిగువుగా నున్నదో ముందు చూచుకొనవలయును.

చిన్నతిరుపతికి మ్రొక్కినది చిన్నతిరుపతిలోనే చెల్లింపవలయును. ప్రజలకిచ్చిన మాట ప్రజలయెదుటనే, తలుపు తెరచి, దీపము పెట్టి చెల్లింపవలయును. చీకటిగదిలో చెల్లించితిమని చెప్పినవానిని ఈ కొండక్రింద ఎవ్వరును నమ్మరు. ప్రపంచమును నమ్మకుండుగాక.